అవతలి ఒడ్డు టవరు

మీ ఫోన్లలో ఒక పటం ఉంటుంది, దాని మీద ఒక చుక్క కదులుతూ ఉంటుంది. ఆవిడ ఎక్కడుందో ఆయనకి, ఆయన ఎక్కడున్నాడో ఆవిడకి. ఇదంతా మీ కాలంలో పుట్టిన విద్య అని మీరనుకుంటున్నారు. కాదు. ఇరవై ఏళ్ళ కిందట, అమలాపురంలో, టెలిఫోన్ ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడి, ఒక మొగుడికి ఆ విద్య నేర్పిన మనిషిని నేనే. అప్పుడు నన్నెవరూ తిట్టలేదు. టీ ఇప్పించారు.

రిటైరైన రోజున శాలువా కప్పి, నా గురించి నలుగురూ నాలుగు మంచి మాటలు చెప్పారు. తుఫానుకి స్తంభాలు కూలినప్పుడు మోకాలి లోతు నీళ్ళలో కేబుల్ మోశాడన్నారు. నిజమే, మోశాను. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. మనుషుల పేర్లు రాయను. ఊరి పేరు కూడా రాయను. చిన్న ఊరు, రాస్తే మనిషి దొరికిపోతుంది. ఎవరు ఎక్కడున్నారో చెప్పే పని ఒకసారి చేశాను, చాలు.

సెల్‌ఫోన్లు మా కోనసీమలోకి అప్పుడప్పుడే దిగుతున్నాయి. మా శాఖ సిమ్ము కావాలంటే అప్లికేషన్ పెట్టి, లైన్లో నిలబడి, సిఫార్సు కూడా చేయించుకునేవారు. అంతకుముందు నేను లైన్ల మీద పని చేసేవాణ్ణి. నడుం పట్టేసిందని నన్ను ఆఫీసులోకి తెచ్చి, సెల్ కౌంటర్ పక్కన కూర్చోబెట్టారు. కొత్త సెట్టు కొన్నవాళ్ళకి అది ఎలా వాడాలో చూపించడం నా పని. ఆ సెట్లలో సెల్ ఇన్ఫో అని ఒక సెట్టింగు ఉండేది. అది ఆన్ చేస్తే, ఫోను ఏ టవరు పట్టుకుంటే ఆ టవరున్న ఊరి పేరు తెర మీద పడేది. కొత్తపేట నించి బస్సెక్కి వస్తుంటే ఒక్కొక్క ఊరూ దాటేకొద్దీ పేరు మారుతూ చివరికి అమలాపురం అని పడేది. జనం చిన్నపిల్లల్లా మురిసిపోయేవారు. నాకైతే అది నేనే కనిపెట్టినంత గొప్ప. ఎవరొచ్చినా, అడిగినా అడక్కపోయినా, ముందు అదే చూపించేవాణ్ణి.

ఒక రోజు ఒకాయన వచ్చాడు. ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. కొబ్బరి తోటలున్న కుటుంబం, కొబ్బరి వ్యాపారం కూడా ఉంది, రోజూ అంబాజీపేటకీ అమలాపురానికీ తిరిగే మనిషి. మాట ఎంత మెత్తగా ఉంటుందంటే, అతను నిన్ను తిట్టినా నువ్వు నమస్కారం పెడతావు. వెనకాల, తలుపు దగ్గర, భార్య నిలబడి ఉంది.

"గురువు గారండీ, మా ఇంట్లోవాళ్ళకి కొత్త ఫోను కొన్నానండీ. ఊరి పేరు పడతాదంట కదండీ, అది కొంచెం చూసి పెడతారేంటండీ?"

నేను చెయ్యి చాపాను. మా కౌంటర్లో ఒకావిడ పనిచేసేది, నాకంటే పదేళ్ళు చిన్న, నోరు మాత్రం నాకంటే పెద్దది. ఆవిడ రసీదులు రాస్తూ తలెత్తకుండా అడిగింది.

"ఫోను ఎవరిదండీ?"

"ఆవిడదేనండీ."

"మరి ఆవిణ్ణి అడిగేరాండీ?"

అతను నవ్వాడు. "మా ఇద్దరికీ నీది నాది ఏముంటాదండీ? ఆయ్, ఇద్దరిదీ ఒకటేనండీ."

ఇద్దరిదీ ఒకటే అయితే అతని ఫోనులో కూడా అది ఆన్ చెయ్యాలి కదా! ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. తట్టడానికి మూడు నెలలు పట్టింది. అప్పుడు మాత్రం చకచకా నొక్కేసి, తెర మీద అమలాపురం అని పడగానే గర్వంగా అతని చేతిలో పెట్టాను. ఆమె చేతిలో పెట్టలేదు.

అతను అక్కడే ఆమెకి పద్ధతి వివరించాడు. "నేను మిస్‌డ్ కాల్ ఇస్తాను. నువ్వు స్క్రీను చూసి, నాకు ఫోన్ చేసి, ముందు ఊరి పేరు చెప్పు. తరవాతే మిగతా మాటలు. తెలిసిందా?" ఆమె తల ఊపింది. అతను నా వైపు తిరిగి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "అబద్ధం ఆడదండీ. అదొక్కటి మెచ్చుకోవాలండీ మా ఆవిణ్ణి."

అబద్ధం ఆడదని తెలిసిన మనిషి మీద కాపలా ఎందుకురా అని అడగాల్సింది. నేను ఏమన్నానో తెలుసా? "ఐడియా బాగుందండీ" అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

వాళ్ళు వెళ్ళాక మా కౌంటరావిడ కలం మూత పెట్టి నన్ను చూసింది.

"అన్నయ్య గారండీ, మా ఇంట్లో గేదెకి పలుపు కడితే గంట కట్టం, గంట కడితే పలుపు కట్టం. మీరు ఆవిడకి రెండూ కట్టి పంపించేరు."

"భర్తే కదమ్మా" అన్నాను.

"ఆయ్, భర్తేనండీ" అని మళ్ళీ రసీదుల మీదకి వంగింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని నేర్పిన సీనియరు ఒక సూత్రం చెప్పాడు: అడిగింది చెయ్యి, అడగంది చెప్పకు. ఆ సూత్రం పట్టుకునే నేను బతికాను. కాబట్టి ఆ రోజు అతనికి ఇంకో ముక్క చెప్పలేదు. అది ఏమిటంటే, తెర మీద పడేది టవరు పేరు, మనిషి నిలబడ్డ చోటు పేరు కాదు. మామూలుగా రెండూ ఒకటే. గోదావరి పాయల ఒడ్డున మాత్రం కాదు. ఇవతలి టవరు కొబ్బరి తోటల వెనక ఎక్కడో ఉంటుంది. అవతలి టవరుకీ నీకూ మధ్య నీళ్ళే తప్ప చెట్టు లేదు, మేడ లేదు. ఫోను ఏది బలంగా వినపడితే దాన్ని పట్టుకుంటుంది. రేవులో నిలబడితే చాలు, నువ్వు ఇక్కడే ఉన్నా తెర మీద అవతలి ఊరు పడుతుంది. మా ఆఫీసులో ఇది అందరికీ తెలుసు. దాని మీద మేం జోకులు కూడా వేసుకునేవాళ్ళం. కౌంటర్ అవతల ఉన్నవాళ్ళకి చెప్పాలని ఒక్కరికీ అనిపించలేదు.

మూడు నెలలు పోయాక ఒక కుర్రాడు వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఆమె తమ్ముడు. మంచినీళ్ళు ఇచ్చాక చెప్పాడు.

ఆ అమ్మాయి పెళ్ళికి ముందు నది అవతలి ఊళ్ళో చిన్న ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేసింది. పెళ్ళయ్యాక మానిపించారు. ఆ ఊరి వైపు వెళ్ళొద్దని భర్త గట్టిగా చెప్పాడు. ఎందుకంటే కారణం లేదు. "అక్కడ నీకెవరున్నారు?" అని అడిగేవాడంట. "పిల్లలున్నారు" అని చెప్పేదంట. ఆ వారం అత్తగారితో చెప్పి అప్పనపల్లి గుడికి వెళ్ళింది. దర్శనం అయింది, అన్నదానంలో భోజనం చేసింది, రేవు మెట్ల మీద కూర్చుంది. మిస్‌డ్ కాల్ వచ్చింది. స్క్రీను చూసింది. అవతలి ఊరి పేరుంది. తను కూర్చున్నది అప్పనపల్లిలో. కాని మొగుడు చెప్పమన్నది స్క్రీను మీద ఉన్న పేరు. ఉన్నది ఉన్నట్టు చదివింది.

"ఇక్కడే ఉన్నానండీ, గుడి దగ్గరే, ఫోన్లో అలా పడింది అని ఎంత చెప్పినా వినలేదండీ. ఇంటికి రాగానే చెయ్యి విరిచేసేడండీ. ఎడం చెయ్యి" అన్నాడు తమ్ముడు. "రేపు పెద్దమనుషులు కూర్చుంటున్నారండీ. ఫోను అబద్ధం ఆడదంటున్నాడండీ బావ. టెలిఫోన్ ఆఫీసు గారే పెట్టేరు, గవర్నమెంటు ఫోను అంటున్నాడండీ. మీరొచ్చి ఒక్క మాట చెప్పాలండీ."

నేను ఆఫీసరు గారి గదిలోకి వెళ్ళాను. మంచివాడే, కాకపోతే సంతకం పెట్టే ముందు కలం కూడా భయపడేంత జాగ్రత్త. మొత్తం విని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మన శాఖ కాపురాలు చూడదండీ. కాగితం మీద ఏమీ రాసివ్వకండి. వెళ్తే సెలవు పెట్టి మీ సొంతంగా వెళ్ళండి. నాకు తెలీదు."

సెలవు పెట్టాను. నేనేదో న్యాయం కోసం వెళ్ళాననుకోకండి. చెయ్యి విరిగిందని విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిన మాట నిజం. దానితో బాటు ఇంకోటి కూడా ఉంది: నేను పెట్టిన సెట్టింగుకి మాట వస్తోంది. ఆ మాట తుడుచుకోవాలి. ఈ రెండింట్లో ఏది ఎక్కువో ఇవాళ నేను తూచలేను.

మర్నాడు వాళ్ళ ఊళ్ళో, భర్త పెదనాన్నగారి అరుగు మీద కూర్చున్నారు. ఒక మాజీ సర్పంచి, ఇద్దరు బంధువులు, ఆమె తమ్ముడు. ఆమె లోపల గుమ్మం దగ్గర, చేతికి పిండికట్టుతో. నేను వెళ్ళేసరికి అందరూ లేచి నిలబడి కుర్చీ వేశారు. మా గోదావరి మర్యాదకి లోటు ఎక్కడుంటుంది! చెయ్యి విరగ్గొట్టిన మనిషి నాకు స్వయంగా కొబ్బరి బొండం కొట్టి ఇచ్చాడు. నేను తాగాను కూడా.

"ఎంతసేపు చెప్పినా బుర్రకెక్కదండీ, రండి చూపిస్తాను" అని అందర్నీ లేవదీశాను. రెండు ఆటోలు మాట్లాడి అప్పనపల్లి రేవుకి తీసుకెళ్ళాను. ఆమె కూడా వచ్చింది, తమ్ముడి పక్కన కూర్చుని. నా ఫోను, సర్పంచి గారి ఫోను, ఆమె ఫోను మెట్ల మీద వరసగా పెట్టాను. కాసేపు నిరీక్షించాం. ముందు సర్పంచి గారి ఫోను మారింది. తరవాత ఆమెది. అవతలి ఊరి పేరు. నాది మాత్రం మొండికేసింది, రెండు మెట్లు కిందికి దిగాక అదీ మారింది.

పెదనాన్నగారు వంగి మూడు ఫోన్లూ చూశారు. ఆకాశం వైపు చూశారు. అవతలి ఒడ్డు వైపు చూశారు. "ఓరి దీని తస్సాదియ్యా! మనం ఇక్కడుంటే అక్కడున్నామంటోందేంటండీ ఇది?"

నేను వివరించాను. నీళ్ళు, తోటలు, టవర్లు. చాలా బాగా వివరించాను. అందరూ నోరు తెరుచుకుని విన్నారు.

"చూసేవురా? మిషను తప్పు. అమ్మాయి నిప్పు" అన్నారు పెదనాన్నగారు. సర్పంచి గారు, "ఆయ్, అదండీ సంగతి" అన్నారు. తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. అందరి మొహాల్లోనూ పెద్ద బరువు దిగినట్టు నవ్వులు. భర్త నా దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"క్షమించండి గురువు గారండీ. మిమ్మల్ని పని మానుకుని ఇంత దూరం వచ్చేలా చేసేను."

నన్ను క్షమించమన్నాడు! నా ఒక పూట సెలవు ఖర్చయినందుకు! ఆమె ఆ పక్కనే నిలబడి ఉంది, చెయ్యి మెడకి వేలాడుతూ. ఆమెతో ఒక్క మాట అనలేదు. అతను అనలేదు, వాళ్ళ పెదనాన్న అనమనలేదు, సర్పంచి అనమనలేదు, తమ్ముడు కూడా అనమనలేదు. నేనూ అనమనలేదు. ఫోను తప్పని తేలింది కాబట్టి కొట్టడం తప్పు. మరి ఫోను ఒప్పయితే? ఆ మాట ఆ రేవులో మా ఏడుగురు మగాళ్ళలో ఎవరికీ తట్టలేదు.

వాళ్ళంతా ఆటోల వైపు నడుస్తుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా ఆమె గొంతు నేను వినలేదు.

"బాబాయి గారండీ, వచ్చి చెప్పేరు, మీ రుణం మరిచిపోనండీ. కాని ఒక మాట."

"చెప్పమ్మా."

"ఆ రోజు నేను ఈ మెట్ల మీద కూర్చున్నది ఊరికే కాదండీ. అవతలికి వెళ్దామనే. హెడ్‌మిస్ట్రెస్ గారు కబురు పెట్టేరు, మూడో తరగతికి ఎవరూ లేరు, జూన్ నించి రమ్మని. పడవ వచ్చిందండీ. జనం ఎక్కేరు. నాకే కాలు పడలేదు. అదే వెళ్ళిపోయింది." ఆమె నది వైపు చూడలేదు, నన్నే చూస్తోంది. "నేను వెళ్ళలేదని మీరు రుజువు చేసేరు. బావుందండీ. జూన్లో నిజంగా వెళ్తాను. అప్పుడు ఫోను నిజమే చెబుతాది కదండీ. అప్పుడెవరొస్తారండీ నా తరఫున?"

నేను సమాధానం చెప్పకుండా ఉండలేదు, అదే నా ఖర్మ. "ముందు చెయ్యి తగ్గనివ్వమ్మా" అన్నాను. ఆమె తల ఊపింది. మొదటిసారి ఆఫీసులో ఊపినట్టే.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే, "మరి మీరేం అనాలండీ పాపం" అని నన్నే ఓదార్చింది. మర్నాడు మా కౌంటరావిడతో చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు.

"దీపావళి టపాకాయ అంటించి, పేలేక చెవులు మూసుకుంటే ఏం లాభమండీ? ఫోన్లో అది తీసేసి వచ్చేరా, లేదా?"

తీసెయ్యలేదు. మూడు ఫోన్లు వరసగా పెట్టి అంత ప్రదర్శన చేసిన వాణ్ణి, ఆమె ఫోను నా చేతిలో అరగంట ఉంది, నాలుగు మీటలు నొక్కితే ఆ పేరు పోయేది. తట్టలేదు. తట్టినా మొగుణ్ణి అడిగే తీసేవాణ్ణేమో. అదీ నా సంగతి.

ఆ తరవాత కౌంటర్ దగ్గరికి అలాంటివాళ్ళు మరికొందరు వచ్చారు. ఇద్దరు మొగుళ్ళు, ఒక అత్తగారు, ముమ్మిడివరం నించి ఒక పెళ్ళాం కూడా. ఆవిడకి మొగుడి మీద అనుమానం, రొయ్యల చెరువు దగ్గర ఉంటున్నానని ఎక్కడో తిరుగుతున్నాడని. అందరికీ ఒకటే చెప్పాను: ఫోను ఎవరిదో వాళ్ళే వచ్చి అడగాలి. కొందరు అలిగారు. ఒకాయన ఆఫీసరు గారికి ఫిర్యాదు కూడా చేశాడు. ఆఫీసరు గారు నన్ను పిలిచి, "రూలు ఉందాండీ అలాగ?" అన్నారు. "లేదండీ, ఉండాలి" అన్నాను. అంత ధైర్యం వచ్చేసిందని నా మీద నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చట జూన్ దాకే.

జూన్లో, బడులు తెరిచిన వారం, పొద్దున్న పదకొండు గంటలవేళ అతను వచ్చాడు. అదే తెల్ల చొక్కా, అదే మెత్తని మాట.

"గురువు గారండీ, కూర్చున్నారా? బావున్నారాండీ?"

"బావున్నానండీ."

"ఇవాళ మళ్ళీ అవతలి ఊరు పడిందంటండీ మా ఆవిడ ఫోన్లో. ఇప్పుడే మిస్‌డ్ కాల్ ఇస్తే, ఫోన్ చేసి ఆ పేరే చెప్పింది. చెప్పి పెట్టేసింది." నవ్వుతూనే ఉన్నాడు. బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. "గుడికి వెళ్ళుంటాది. అదేనా అండీ? మీరప్పుడు చెప్పేరు కదా, నీళ్ళు, టవరు. అదేనా?"

నాకు అంతా తెలిసిపోయింది. పక్కన రసీదులు రాస్తున్న కలం ఆగిపోయింది. ఆవిడ నన్నే చూస్తోందని తల తిప్పకుండానే తెలుస్తోంది. నేను ఆలోచించింది ఇది: అదేనండీ అంటే ఇవాళ్టికి ఆ అమ్మాయి చెయ్యి బతుకుతుంది. కాదండీ అంటే, ఆ తరవాత ఇంకో మాట కూడా అనాలి. "నిజమే, అక్కడే ఉంది, అయితే మీకేంటండీ?" అనాలి. ఆ రెండో మాట అనడానికి నోరు రాలేదు. ఆమెని కాపాడుతున్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కాని నిజానికి, నమస్కారం పెట్టి పలకరించిన పెద్దింటి మనిషితో మొహమ్మీద ఆ మాట అనలేని పిరికితనం అది. మా మర్యాద ఉందే, దాని కడుపు కాల! ఆడవాళ్ళ చేతులు విరగ్గొట్టినవాళ్ళని ఎంతమందిని కాచిందో అది.

"అదేనండీ," అన్నాను. "రేవు దగ్గర అలాగే పడతాది. మిషను తప్పు."

అతని మొహం విప్పారింది. "అదేనండీ నేననుకున్నది! ఊరికే కంగారు పడ్డాను." అక్కడే నిలబడి, నాకు వినపడేలాగే, భార్యకి ఫోన్ చేశాడు. ఆ రోజుల్లో సెట్ల మాట బయటికి గట్టిగానే వినిపించేది.

"కంగారు పడకు. మిషను తప్పంట. టెలిఫోన్ ఆఫీసు గారు ఇక్కడే ఉన్నారు, ఆయనే చెప్పేరు."

అటు వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది. ఎక్కం చదువుతున్నారు, అందరూ ఒక్క గొంతుతో.

"మిషను తప్పు కాదండీ," అంది ఆమె. "బడిలో ఉన్నాను. నిన్నట్నించి వస్తున్నాను. ఇంక మిస్‌డ్ కాల్ ఇవ్వకండి, క్లాసులో ఎత్తను. సాయంత్రం ఇంటికి వస్తాను."

పెట్టేసింది. అతను ఫోను చెవి దగ్గర అలాగే ఉంచుకుని నన్ను చూశాడు. కోపం కంటే ముందు అతని మొహంలో అయోమయం వచ్చింది.

"ఇప్పుడే తప్పన్నారు కదండీ మీరు?"

"ఆవిడ చెప్పిందే నిజమండీ," అన్నాను. "ఆవిడ అక్కడే ఉన్నారు. ఉంటే ఏంటండీ?"

ఆ మాట నేను అన్నాను. ఆమె అన్న తరవాత అన్నాను.